డిస్కు పరీక్ష తప్పినప్పుడు

కంప్యూటరు కొన్నవారు, కొనదలచినవారు, పాతదానిని బాగుచేయించుకొనువారు దాని సామర్థ్యమును కొలుచుటకు పరీక్షా సాఫ్ట్‌వేరులను నడుపుట నేడు సాధారణమైనది. ఇంజనీరింగు చదువు విద్యార్థి తన ల్యాప్‌టాప్‌పై నడుపును. పెండ్లి వీడియోలు తీయు స్టూడియో యజమాని క్రొత్త డిస్కు కొన్ననాడు నడుపును. మరమ్మతు దుకాణదారుడు వచ్చినవారి ఎదుటనే నడిపి చూపును. ఈ పరీక్షలలో ప్రాసెసరుకు ఒకటి, మెమరీకి ఒకటి, తెరబొమ్మలకు ఒకటి, డిస్కుకు ఒకటి వేరువేరుగా ఉండును. మిగిలినవన్నియు సజావుగా సాగి, డిస్కు వంతు వచ్చునప్పటికి పరీక్ష నిలిచిపోయి, డిస్కు పరీక్షలో దోషమను మాట తెరపై కనబడుట పలువురకు అనుభవమే.

ఆ మాటను చూచినవారు రెండు విధముల పొరబడుదురు. కొందరు డిస్కు చెడినదని తలచి మంచి వస్తువును పారవేయుదురు. మరికొందరు అది సాఫ్ట్‌వేరు తప్పే అని త్రోసిపుచ్చి, పరీక్షను పదే పదే నడిపి, కొనఊపిరితో నున్న డిస్కును తమ చేతులతోనే ముగింతురు. మొదటివారికి పోవునది డబ్బు. రెండవవారికి పోవునది ఆ డిస్కులో దాచుకొన్న సర్వస్వము. ఈ రెండు నష్టములకును లోనుగాక, తప్పు ఎక్కడ నున్నదో వరుసగా వెదకు విధానమును నేడు మనవి చేయుచున్నాను.

డిస్కు పరీక్ష చేయు పని నిజమునకు చాల సామాన్యమైనది. అది డిస్కుపై ఒక పెద్ద ఫైలును సృష్టించును. దానిలో అంకెలు వ్రాయును. వ్రాసినవానిని తిరిగి చదువును. మొదట వరుసగా, పిమ్మట ఇక్కడొక తునక, అక్కడొక తునకగా చదివి, ఎంత కాలము పట్టినదో లెక్కించును. తుదకు ఆ ఫైలును తుడిచివేయును. ఈ మెట్లలో ఏది తప్పినను తెరపై వచ్చు మాట ఇంచుమించు ఒక్కటే. కాబట్టి పరీక్ష విఫలమైనదనుట వేరు, డిస్కు విఫలమైనదనుట వేరు.

అనంతపురము పీఠభూమిలో చెరువుల క్రింద సేద్యము చేసినవారికి ఈ భేదము క్రొత్తది కాదు. బుక్కరాయసముద్రము క్రిందనో ధర్మవరము చెరువు క్రిందనో ఒక మడికి నీరు అందలేదనుకొనుడు. అంతమాత్రమున చెరువు ఎండినదని ఎవరును అనరు. నీరుగంటి పార భుజాన వేసికొని మడి దగ్గర బయలుదేరి కాలువ వెంట పైకి నడచును. పిల్లకాలువకు ఎవరైన అడ్డము కట్టిరా, పెద్దకాలువకు గండి పడినదా, తూము పూడినదా అని ఒక్కొక్కటే చూచుకొనుచు, అన్నియు సరిగా నున్నవని తేలిన పిమ్మటనే కట్ట ఎక్కి చెరువును చూచును. కంప్యూటరులో మడి వంటిది పరీక్షా సాఫ్ట్‌వేరు. పిల్లకాలువ వంటిది ఆపరేటింగ్ సిస్టము. పెద్దకాలువ వంటిది కేబులు. తూము వంటిది డిస్కును నడుపు కంట్రోలరు. చెరువు వంటిది డిస్కు. మనమును మడి నుండి పైకి నడువవలెను.

అయితే నడక మొదలుపెట్టుటకు ముందే చేయవలసిన పని ఒకటి కలదు. డిస్కులోని ముఖ్యమైన ఫైలులకు వేరొక డిస్కుపై నకలు తీసికొనవలెను. ఏలయన, పరీక్ష డిస్కును విశ్రాంతి లేక పనిచేయించును; గిగాబైట్ల కొలది వ్రాయించును, చదివించును. ఆరోగ్యవంతునికి పరుగు వ్యాయామము. గుండెజబ్బు గలవానికి అదే ప్రాణాపాయము. డిస్కు టకటకమని చప్పుడు చేయుచున్నను, చిన్న ఫైలు తెరచుటకు నిమిషములు పట్టుచున్నను, డిస్కు ఉన్నట్టుండి కనబడక మరల కనబడుచున్నను, దానిపై ఏ వేగపరీక్షయు నడుపరాదు.

రేడియో కేంద్రములలో ఒకప్పుడు అయస్కాంతపు టేపులపై నిలిచిన కంఠస్వరములు నేడు డిస్కులపై నిలుచుచున్నవి. టేపు ఒకచోట నలిగినను మిగిలిన భాగము వినబడును. డిస్కు అట్లు కాదు. నిన్నటి వరకు పనిచేసి నేడు మొత్తముగా మూగపోవచ్చును. పెండ్లి ఛాయాచిత్రములు గాని, గతించిన తండ్రిగారి మాటలు గాని, పొలము పత్రముల నకళ్ళు గాని ఒక్క డిస్కుపైననే ఉన్న యెడల మొదటి చికిత్స నకలు తీయుటయే.

ఇక దోషములను మూడు తెగలుగా విభజించి చూతము. పరీక్ష అసలు మొదలు కాకపోవుట మొదటిది. మొదలై నడుమ ఆగిపోవుట రెండవది. చివరి వరకు నడచి, నమ్మదగని అంకె నిచ్చుట మూడవది.

మొదటి తెగలో చాలవరకు డిస్కు నిర్దోషి. పరీక్ష ఫైలును సృష్టించలేకపోతిమని సాఫ్ట్‌వేరు చెప్పినచో, ముందుగా ఖాళీ స్థలము చూడవలెను. ఫైలు ఎనిమిది గిగాబైట్లదై, డిస్కులో అయిదు మాత్రమే మిగిలియున్నచో పరీక్ష ఎట్లు మొదలగును? పిమ్మట అనుమతిని చూడవలెను. విండోస్‌లో సి డ్రైవు మూలమున నేరుగా వ్రాయుటకు సాధారణ వినియోగదారునికి హక్కు ఉండదు. సాఫ్ట్‌వేరును అడ్మినిస్ట్రేటరుగా నడిపినచో చాలమార్లు దోషము అంతటితో తొలగును. 2017 నుండి విండోస్ 10లో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అను రక్షణ వచ్చినది. అది అమలులో నున్నప్పుడు తెలియని సాఫ్ట్‌వేరు ఏదైనను రక్షిత ఫోల్డరులలో వ్రాయబోయినచో అడ్డుకొనును. ఇతర యాంటీవైరస్‌లును అట్లే చేయవచ్చును. ఇట్టిచోట రక్షణను పూర్తిగా తీసివేయుట తగదు. ఆ ఒక్క సాఫ్ట్‌వేరునకు అనుమతి నిచ్చిన చాలును.

పెన్‌డ్రైవుల విషయమున మరియొక చిక్కు కలదు. వానిలో పెక్కింటిని ఫ్యాట్ 32 అను పద్ధతిలో సిద్ధపరతురు. ఆ పద్ధతిలో నాలుగు గిగాబైట్ల ఫైలు పట్టదు. డ్రైవులో అరువది గిగాబైట్లు ఖాళీగా నున్నను నాలుగింటికి మించిన పరీక్ష ఫైలు అక్కడ నిలువదు. పరీక్ష ఫైలును ఒక గిగాబైటుకు తగ్గించి చూచినచో సంగతి తేలిపోవును. మెమరీ కార్డు అడాప్టరు ప్రక్కనుండు చిన్న మీట వ్రాతను నిషేధించు వైపునకు జరిగియున్నను ఇదే గతి. విద్యుత్తు పోయి ల్యాప్‌టాప్ బ్యాటరీపై నడచుచున్నప్పుడు మరియొక వింత జరుగును. విండోస్‌తోనే వచ్చు విన్‌శాట్ అను పరీక్ష బ్యాటరీపై మొదలగుటకే ఒప్పుకొనదు. కరెంటు వచ్చువరకు ఆగుటయే దానికి మందు. లినక్సు వాడువారు ఒకటి గుర్తుంచుకొనవలెను: మెమరీలోనే నిలుచు తాత్కాలిక ఫోల్డరుపై డిస్కుతో నేరుగా మాటలాడు రీతిలో పరీక్ష నడిపినచో, చెల్లని ఆదేశమను దోషము రావచ్చును. అక్కడ డిస్కే లేదు గనుక అది న్యాయమైన జవాబే.

రెండవ తెగ ఇంతకంటె గంభీరమైనది. పరీక్ష మొదలై, కొంత నడచి, చదువుటలోనో వ్రాయుటలోనో ఆగిపోయినది. ఇక్కడ ఊహతో పనిలేదు. కంప్యూటరే దినచర్య వ్రాసికొనుచుండును. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరచి, పరీక్ష ఆగిన వేళకు ఎదురుగా నున్న పంక్తులను చూడవలెను. డిస్కు పేరిట 7 అను సంఖ్య ఉన్నచో చదువరాని భాగము తగిలినదని అర్థము. 11 అయినచో కంట్రోలరుతో సంభాషణ తప్పినదని అర్థము. కేబులునో విద్యుత్తునో అనుమానింపవలెను. 153 అయినచో ఒక పని మొదటి మారు నెరవేరక తిరిగి ప్రయత్నింపవలసి వచ్చినదని అర్థము.

పిమ్మట డిస్కు తన్ను గురించి తాను వ్రాసికొను స్మార్ట్ అను ఆరోగ్య పత్రమును చూడవలెను. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేరులు దానిని చూపును. అందులో నాలుగు వరుసలు ముఖ్యమైనవి. 5వది, పాడైన సెక్టారులకు బదులుగా వేరొకచోట కేటాయించిన వాని లెక్క. 197వది, చదువుట కష్టమై తీర్పు కొరకు వేచియున్న సెక్టారుల లెక్క. 198వది, చదువనే చదువరానివాని లెక్క. ఈ మూడింటిలో అంకెలు పెరుగుచున్నచో చెరువు కట్టకే చెమ్మ తగిలినదని తెలియవలెను. 199వది మాత్రము వేరు. అది కేబులు మీదుగా వచ్చునప్పుడు చెదరిన అంకెల లెక్క. తక్కిన మూడును సున్నయై ఇది ఒక్కటే పెరుగుచున్నచో, తప్పు చాలమార్లు కాలువలోనే ఉండును. కొద్ది రూపాయల కేబులు మార్చినచో వేల రూపాయల డిస్కు దక్కును. ఎన్‌వీఎంఈ రకపు క్రొత్త డిస్కులలో ఈ వరుస సంఖ్యలు ఉండవు. వానిలో మీడియా దోషముల లెక్కను, మిగిలిన అదనపు నిల్వను చూడవలెను.

ఈ పత్రమును ఎంతవరకు నమ్మవచ్చును? 2007లో గూగుల్ సంస్థ పరిశోధకులు తమ లక్షకు పైగా డిస్కులను గమనించి ఒక నివేదిక ప్రకటించిరి. డిస్కు తన ఉపరితలమును తానే తనిఖీ చేసికొనుచున్నప్పుడు మొదటి దోషము బయటపడినచో, అట్టి దోషము లేని డిస్కు కంటె అది తరువాతి 60 దినములలో చెడిపోవు అవకాశము 39 రెట్లు ఎక్కువని వారు కనుగొనిరి. కనుక ఒక్క దోషమును తేలికగా తీసికొనరాదు. అదే నివేదికలో దీనికి మరియొక ముఖము కూడ కలదు. చెడిన డిస్కులలో సగమునకు మించినవి, ప్రబలమైనవని వారెంచిన నాలుగు సూచనలలో ఒక్కటియు చూపక చెడినవి. అనగా పత్రములో దోషమున్నచో భయపడవలెను గాని, దోషము లేదని నిశ్చింతగా నుండరాదు. మొదట నకలు తీయుమని చెప్పుటకు ఇంతకంటె బలమైన కారణము లేదు.

తప్పు తేలని పక్షమున ఒక నియమము పాటింపవలెను: ఒకేమారు ఒక్క వస్తువునే మార్చవలెను. కేబులు, పోర్టు, యుఎస్‌బి హబ్బు, విద్యుత్తు అన్నియు ఒక్కసారిగా మార్చి, పరీక్ష బాగుగా నడచినదని సంతోషించినచో, దోషి ఎవరో మనకు తెలియదు. అది రేపు మరల వచ్చును. బయటి హార్డుడిస్కును హబ్బునకు గాక కంప్యూటరు వెనుక పోర్టుకే తగిలించి చూడవలెను. విద్యుత్తు చాలక నడుమ ఆగు డిస్కులు దీనితో కుదుటపడును. వ్రాసినది ఒకటి, చదివినది ఒకటి అని పరీక్ష చెప్పినచో, మెమరీ చిప్పులను కూడ అనుమానింపవలెను. అంకెలు డిస్కుకు చేరక ముందే మెమరీలో మారియుండవచ్చును. విండోస్‌లోని మెమరీ పరీక్షను ఒక రాత్రి నడిపి దానిని నిర్ధారించుకొనవచ్చును. ఇక చెక్‌డిస్క్ అను మరమ్మతు ఆదేశమును నకలు తీయక మునుపు నడుపరాదు. అది ఫైలుల పట్టికను సరిదిద్దునే గాని, అందులకై మీ ఫైలులను త్యాగము చేయుటకు వెనుదీయదు.

మూడవ తెగలో దోషమను మాటయే కనబడదు. అయినను అంకె అబద్ధమాడును. సంవత్సరమునకు సగటు వర్షపాతము 550 మిల్లీమీటర్ల ప్రాంతమున నుండు మన సీమలో బోరు సంగతి తెలియనివారుండరు. బోరు వేసిననాడు మోటారు పెట్టగానే రెండించుల నీరు పడినదని సంబరపడుదుము. ఆ మొదటి ధార బోరులో అప్పటికే నిలిచియున్న నీరు. గంటలు గడచిన పిమ్మట కూడ నిలుచు ధారయే నిజమైన ఊట. ఎస్‌ఎస్‌డి అనబడు డిస్కులు చాలవరకు ఇట్లే ప్రవర్తించును. వానిలో కొంత భాగము వేగముగా వ్రాయుటకు తాత్కాలికముగా కేటాయింపబడి యుండును. అది నిండువరకు అంకె ఘనముగా నుండును. నిండిన పిమ్మట చౌక డిస్కులలో వేగము పలుమడుగులు పడిపోవును. ఒక గిగాబైటు ఫైలుతో చేయు పరీక్ష నిలువ నీటిని కొలుచును. పెండ్లి వీడియోలను నూరు గిగాబైట్ల కొలది ఎక్కించువారు ఊటను కొలువవలెను. అనగా పెద్ద ఫైలుతో, చాలసేపు పరీక్షింపవలెను. అట్లే ఆపరేటింగ్ సిస్టము చదివినదానిని మెమరీలో దాచుకొనును. దానిని దాటిపోని పరీక్ష డిస్కును గాక మెమరీని కొలిచి, నమ్మశక్యము గాని వేగమును చూపును.

తక్కువ అంకెలన్నియు దోషములు కావు. 1956లో ఐబీఎం సంస్థ విడుదల చేసిన మొదటి డిస్కు యంత్రములో ఇరువదినాలుగు అంగుళముల వెడల్పు గల పళ్ళెములు 50 ఉండి, అన్నియు కలిసి 50 లక్షల అక్షరములను మాత్రమే దాచగలిగెను. నేటి హార్డుడిస్కు దానికంటె ఎంతో చిన్నదై, ఎన్నో రెట్లు దాచును. అయినను తిరుగు పళ్ళెము, కదలు చేయి అను సూత్రము మారలేదు. నిమిషమునకు 7200 మార్లు తిరుగు పళ్ళెమునకు ఒక చుట్టునకు 8.3 మిల్లీసెకన్లు పట్టును. కావున చెల్లాచెదరుగా నున్న చిన్న తునకలను చదువు పరీక్షలో అది సెకనుకు నూరు ప్రాంతముననే చదువగలదు. ఆ పరీక్షలో మంచి హార్డుడిస్కునకు కూడ సెకనుకు ఒక మెగాబైటు లోపు అంకె రావచ్చును. అది రోగము కాదు, దాని స్వభావము. అట్లే యుఎస్‌బి 2.0 పోర్టుకు తగిలించిన ఎంత మంచి డిస్కైనను సెకనుకు 40 మెగాబైట్లు దాటుట అరుదు. పోర్టు ఇరుకైనప్పుడు చెరువును నిందించి ప్రయోజనమేమి?

బజారులో ఆశ్చర్యకరమైన చౌక ధరకు దొరకు మెమరీ కార్డుల విషయమున మాత్రము అనుమానము ధర్మమే. పైన 512 గిగాబైట్లని అచ్చువేసి, లోపల అందులో కొద్ది భాగమే ఉండు నకిలీలు కలవు. అట్టి కార్డు నిండినట్లే నటించి, హద్దు దాటిన ఫైలులను మింగివేయును. వేగపరీక్ష దీనిని పట్టుకొనలేదు. కార్డును మొత్తము నింపి, మొత్తము తిరిగి చదివి సరిచూచు పరీక్ష కావలెను. జర్మనీలోని సీటీ అను కంప్యూటరు పత్రికవారు అందించిన హెచ్2టెస్ట్‌డబ్ల్యు, లినక్సులో ఎఫ్3 అనునవి ఈ పని చేయును. క్రొత్త కార్డును ఖాళీగా నున్నప్పుడే, వారంటీ గడువు దాటక ముందే ఇట్లు పరీక్షించుకొనవలెను.

మన ప్రాంతపు ఎండను, దుమ్మును, విద్యుత్తును గూర్చి రెండు మాటలు. వేసవిలో ఇక్కడ పగటి వేడి 40 డిగ్రీలు దాటును. ఎన్‌వీఎంఈ డిస్కులు 70, 80 డిగ్రీల ప్రాంతమునకు చేరగానే తమ్ము తాము కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. మిట్టమధ్యాహ్నము పరుపుపై పెట్టిన ల్యాప్‌టాప్‌లో వచ్చిన తక్కువ అంకె డిస్కుది కాదు, పరుపుది. తెల్లవారుజామున బల్లపై పెట్టి మరల కొలువుడు. మూడుమార్లు కొలిచి మూడును వ్రాసికొనుడు. ఫ్యాను రంధ్రములలోని దుమ్మును కంప్యూటరు ఆపి, మెత్తని కుంచెతో తుడువుడు. హార్డుడిస్కు మూతను మాత్రము ఎన్నడును తెరువరాదు. వ్రాయుచుండగా కరెంటు పోవుట డిస్కులకు పెద్ద ఆపద. యుపిఎస్ లేని ఇంట, కోతలుండు వేళ, ఏ డిస్కు పరీక్షయు మొదలుపెట్టకుండుట మేలు.

డిస్కు నిజముగా చెడుచున్నదని తేలి, నకలు ఇంకను తీయనిచో, పరీక్షలన్నియు ఆపివేయవలెను. జీఎన్‌యూ డీడీరెస్క్యూ వంటి సాఫ్ట్‌వేరు సులభముగా చదువదగిన భాగములను ముందు తీసికొని, కష్టమైనవానిని చివరకు వదలిపెట్టును. అది చేతగానివారు డిస్కును ఆపి, తెలిసినవారి కప్పగించుట మంచిది. మరమ్మతు దుకాణమునకు పోయినప్పుడు డిస్కు పోయినదని ఊరక చెప్పిన మాటకు తలయూపక, మూడు ప్రశ్నలు అడుగుడు: ఆరోగ్య పత్రములో 5, 197, 198, 199 వరుసల అంకె లెంత? వేరొక కేబులుతో, వేరొక కంప్యూటరుపై చూచితిరా? లోపలి ఫైలులకు నకలు తీసితిరా? ఈ మూడింటికి జవాబు చెప్పగలవాడు కట్ట మీద నిలిచి చెరువును చూచినవాడు. చెప్పలేనివాడు ఇంకను మడి దగ్గరనే ఉన్నాడు. అతని మాటపై క్రొత్త డిస్కు కొనుటకు తొందర అక్కరలేదు.